పర్యాటకుడు సాన ఓదెలు

మా జిల్లా సైకిల్ పర్యాటకాభివృద్ధి విభాగంలో నేను రెండేళ్లు సీనియర్ అసిస్టెంటుగా పనిచేశాను. మొదటి తొమ్మిది నెలల్లో ఒక్క పర్యాటకుడూ రాలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడానికి పొరుగు జిల్లా నుంచి గుమాస్తాలను పిలిపించుకోవాల్సి వచ్చింది. ఈ మార్పుకు కారకుణ్ణి నేనేనని కొందరంటారు. అంత పెద్ద మాట నేను ఒప్పుకోను. నేను రాసింది ఒక్క నోటు ఫైలు. మిగతాది నిబంధనలే చేసుకుపోయాయి.

విభాగం పుట్టింది ఒక పై అధికారి విదేశీ అధ్యయన యాత్ర వల్ల. అక్కడ ఎత్తుపల్లాల పచ్చిక నేలల మధ్య, పాత రాతి ఊళ్ల గుండా జనం సైకిళ్ల మీద తిరుగుతుంటే ఆయన చూశారు. ఎందుకు తిరుగుతున్నారని అడిగితే ఊరికేనే అన్నారట. ఊరికే తిరిగేవాళ్లు కూడా ప్రభుత్వానికి పనికొస్తారన్న సంగతి ఆయన్ను కదిలించింది. తిరిగొచ్చి జిల్లా పటం పరిచి చూశారు. మాకూ ఎక్కి దిగే గుట్టలున్నాయి. కోనరావుకోటలో కొండ మీద కోట ఉంది. మెట్లపేటలో ఏడంతస్తుల మెట్లబావి ఉంది. గుమ్మడూరులో దొరల కాలంనాటి గడి, అంటే కోటలాంటి పాత బంగళా, ఉంది. మూడింటినీ కలుపుతూ సీతాఫలం చెట్ల మధ్య ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దారి ఉంది. లేనిదల్లా బోర్డులేనని ఆయన తేల్చారు. వారం తిరక్కుండా 'వారసత్వ సైకిల్ పథం' అని నలభై బోర్డులు లేచాయి.

బోర్డుల వెనక మేం వచ్చాం. ప్రత్యేకాధికారి వైకుంఠరావు గారు, గైడు ప్రసూన, నేను, స్వాగతం పలకడానికి ఇద్దరు, పర్యాటకుల టైర్లకు గాలి కొట్టడానికి ఒకరు, కొట్టిన గాలిని ధ్రువీకరించడానికి మరొకరు. ప్రసూన చరిత్రలో ఎమ్మే. ఒప్పంద ఉద్యోగం. వినేవాళ్లు లేకపోయినా ఆ అమ్మాయి రోజూ పొద్దున కోటలోకి వెళ్లి, మరిచిపోకుండా ఉండటం కోసం, మేకలకు కోట చరిత్ర పైకి చెప్పి వచ్చేది. నేను నెలనెలా ఐదో తారీఖున శూన్య నివేదిక పంపేవాణ్ణి.

తొమ్మిదో నివేదికకు జవాబు వచ్చింది. పదోది కూడా శూన్యమైతే విభాగాన్ని ఎత్తివేస్తామని, సిబ్బందిని ఎక్కడివాళ్లను అక్కడికి పంపుతామని అందులో ఉంది. నా 'అక్కడ' అంటే పాత రికార్డుల గది. ప్రసూనకు 'అక్కడ' లేనే లేదు.

ఆ ఆదివారం మా ఇంటి ముందు ఓదెలు సైకిల్ నిలిపాడు. ఓదెలును చుట్టుపక్కల ఎరగనివాళ్లు లేరు. అరవై ఏళ్ల మనిషి. ఊరు మెట్లపేట. సైకిలుకు సాన రాయి బిగించుకుని ఊరూరా తిరిగి కత్తులు, కత్తెరలు, కొడవళ్లు సానపెడతాడు. సైకిల్ని స్టాండు మీద నిలబెట్టి, సీటు మీద కూర్చుని తొక్కితే రాయి తిరుగుతుంది. కూర్చున్నచోటే పది మైళ్లు తొక్కుతాడని మా ఆవిడ నవ్వుతుంది.

ఆవిడ కత్తిపీట తెచ్చి ఇచ్చింది. నిప్పురవ్వలు లేస్తున్నాయి. నేను అరుగు మీద కూర్చుని విభాగం నిబంధనలు చదువుతున్నాను. పర్యాటకుడు లేనప్పుడు చదవడానికి అవే ఉంటాయి. రెండో నిబంధన ఇలా ఉంది: 'పర్యాటకుడనగా, అధిసూచిత పథమున సైకిల్‌పై సంచరించుచు, రెండుకు తగ్గని చారిత్రక స్థలములను దాటుచు, ఏ చోటను రెండు గంటలకు మించి నిలువక, ముందుగా నిర్ణయించిన గమ్యము లేకుండ సాగిపోవు వ్యక్తి.'

నేను తలెత్తాను.

"ఓదెలూ, ఇయ్యాల ఎటు పోతున్నవ్?"

"ఎటని చెప్పాలె సార్. ఎవలు పిలుస్తె అటు."

"ముందుగాల అనుకోవా?"

"మొద్దువారిన కత్తి నాకు ముందుగాల చిట్టీ రాస్తదా సార్?" అన్నాడు ఓదెలు, అంచును బొటనవేలితో చూసుకుంటూ.

ఆ మధ్యాహ్నం నేను అన్నానికి లేవకుండా నోటు ఫైలు రాశాను. మర్నాడు వైకుంఠరావు గారు దాన్ని రెండుసార్లు చదివారు. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు.

"సుదర్శనం, ఇన్ని మాసములు మనము పర్యాటకుని కొరకు నిరీక్షించుచున్నామని భ్రమించితిమి. వాస్తవమునకు సదరు పర్యాటకుడే మన గుర్తింపు కొరకు నిరీక్షించుచున్నాడు," అన్నారు. ఆయన మామూలుగా కూడా ఇలాగే మాట్లాడతారు. ఇంట్లో చారు అడిగేటప్పుడు ఎలా అడుగుతారో నాకు తెలియదు.

బుధవారం పొద్దున కోనరావుకోట సింహద్వారం దగ్గర అందరం నిలబడ్డాం. ఓదెలు వాలు ఎక్కి వస్తూ మమ్మల్ని చూశాడు. దండలు, కెమెరా, జీపు చూశాడు. సైకిల్ వెనక్కి తిప్పాడు. గాలి కొట్టే మనిషి పరుగెత్తి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"సార్, నేనేం చెయ్యలే," అన్నాడు ఓదెలు చేతులు జోడించి. "గొడ్డళ్లయితె సానవెట్టిన. అడవి నరికినోళ్లు ఎవలో నాకెర్కలేదు."

"అతిథి మహాశయా," అన్నారు వైకుంఠరావు గారు దండ వేస్తూ, "తమ రాకతో ఈ జిల్లా పర్యాటక రంగమున నూతనాధ్యాయము ప్రారంభమగుచున్నది."

ఓదెలు నా వైపు తిరిగాడు. "సుదర్శనం సార్, గీయన ఏమంటున్నడు?"

"నువ్వు టూరిస్టువైనవ్ ఓదెలూ."

"ఎప్పటిసంది?"

"పొద్దున పదిన్నర సంది."

టైర్లలో గాలి నింపారు. నిండిన గాలిని ధ్రువీకరించారు. ఆ తర్వాత ప్రసూన వంతు. నిబంధన ప్రకారం ఒక్కో స్థలం దగ్గర పదకొండు నిమిషాలు వివరించాలి. మొదటిసారి మనిషికి చెబుతోంది కాబట్టి ఆ అమ్మాయి గొంతు కొంచెం వణికింది. కోట ఎవరు కట్టారో, ఏ యుద్ధంలో ఎన్నాళ్లు ముట్టడిలో ఉందో, ఉత్తరపు బురుజు పిడుగు పడి ఎలా కూలిందో చెప్పింది. ఓదెలు దండ తీయొచ్చో తీయకూడదో తెలియక, దండతోనే కదలకుండా విన్నాడు.

"సందేహాలున్నాయా?" అని అడిగింది.

"మస్తు చెప్పినవ్ బిడ్డా. గని ఆ బురుజు పిడుగు వడి కూలలె. మా తాత మేకలు ఎక్కితొక్కి కూలగొట్టినయ్. మా తాతకు జుర్మానా కూడ ఏసిండ్రు."

నేను దాన్ని 'పర్యాటకుని విలువైన సూచనలు' అన్న గడిలో రాసుకున్నాను. ఆ సాయంత్రం మా విభాగం చరిత్రలో మొదటిసారి నివేదికలో సున్నా బదులు ఒకటి వేశాను. చెయ్యి అలవాటుగా సున్నా చుట్టబోతే ఆపుకున్నాను.

ఒక్కరోజు పర్యాటకుడితో నెల గడవదు. మర్నాడూ, ఆ మర్నాడూ దారి కాశాం. మూడు చోట్ల పదకొండేసి నిమిషాలు, మూడు ఫారాలు, బొటనవేలు పైకెత్తి మూడు ఫొటోలు. ఓదెలు ఊళ్లలోకి చేరేసరికి ఆడవాళ్లు మొద్దుకత్తులతోనే కూరలు తరిగేసుకుంటున్నారు. నాలుగో రోజు అతను గుట్టల వెనక బండ్ల బాట పట్టుకుని పోయాడు. వైకుంఠరావు గారు 'పర్యాటకుడు తప్పిపోయెను' అని మూడు పోలీసు స్టేషన్లకు వర్తమానం పంపారు. సాయంత్రానికి ఒక మోటబావి దగ్గర కొడవళ్లు సానపెడుతున్న ఓదెలును వెతికి పట్టుకుని, సైకిల్ని జీపు మీద కట్టి, కోట ద్వారం దగ్గర దింపారు. పర్యాటకుడి భద్రత ప్రభుత్వ బాధ్యత అని వైకుంఠరావు గారు అతనికి నచ్చజెప్పారు.

ఆ సాయంత్రం ప్రసూన ఓదెలు పక్కన మెట్ల మీద కూర్చుంది. నేను అక్కడే ఫారాలు సర్దుకుంటున్నాను.

"కాకా, నీకు అబద్ధం చెప్ప. నువ్వు రాకుంటె పైనెల నాకు కొలువుండది. ఇంట్ల నేనూ అమ్మనే. నా కోసమని నీ పని చెడగొట్టుకోమని అడుగుడు తప్పే. అయినా అడుగుతున్న."

ఓదెలు సైకిల్ గొలుసును వేలితో సరిచేసుకున్నాడు.

"గట్లయితె నన్ను కట్టేసినట్టు నిలవెట్టకు," అన్నాడు. "నేను సానవెట్టుకుంట ఉంట. నువ్వు చెప్పుకుంట ఉండు. కాళ్లు నా పనికి, చెవులు నీ పనికి."

పర్యాటకుడు వినేటప్పుడు ఏ భంగిమలో ఉండాలో నిబంధనల్లో లేదు. నేను చూశాను. మర్నాటి నుంచి మెట్లబావి దగ్గర ఓదెలు సీటు మీద కూర్చుని తొక్కేవాడు, ప్రసూన చెప్పేది. కత్తులు తెచ్చిన ఆడవాళ్లు తమ వంతు వచ్చేదాకా విని, వంతు అయ్యాక కూడా నిలబడేవాళ్లు. ఆ బావిని తవ్వించింది ఒక గాజులమ్మే ఆవిడని, రాజుగారు తర్వాత వచ్చి తన పేరు చెక్కించుకున్నారని ప్రసూన చెప్పిన రోజు ఇద్దరు ముసలమ్మలు రాజుగారి పేరున్న రాయిని కొడవళ్లతో గీకబోతే ఆపాల్సి వచ్చింది. ఓదెలుకు పని పెరిగింది. నాకు నివేదికలో ఇరవై ఆరు వచ్చింది.

ఇరవై ఆరు చూసి పైవాళ్లు సంతోషించి ఒక ప్రశ్న అడిగారు. సదరు పర్యాటకులు రాత్రి బస ఎక్కడ చేయుచున్నారు?

"మెట్లపేటలో, వాళ్ల ఇంట్లో," అన్నాను.

"స్వగృహము గుర్తింపు పొందిన బస కాదు సుదర్శనం," అన్నారు వైకుంఠరావు గారు. ఒక్క నిమిషం ఆలోచించారు. "గుర్తింపు ఇచ్చెదము."

ఇద్దరం జీపులో ఓదెలు ఇంటికి వెళ్లాం. రెండు గదుల పెంకుటిల్లు. అతని భార్య కొమురవ్వ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఇంటిని 'గృహ ఆతిథ్య కేంద్రం'గా నమోదు చేస్తున్నామని, ఆవిడ నిర్వాహకురాలని, ఓదెలు అతిథి అని వైకుంఠరావు గారు వివరించారు. కొమురవ్వ అన్నీ విని కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అంటె నా పెనిమిటి నా ఇంటికి సుట్టమొచ్చినట్టా?"

"అతిథి, అమ్మా."

"అతిథయితె ఎప్పుడు పోతడు?"

"నిబంధనానుసారము ఉదయము పది గంటలకు గది ఖాళీ చేయవలెను."

"బీడీ?"

"గదిలో ధూమపానము నిషిద్ధము. బోర్డు మేమే ఇచ్చెదము."

కొమురవ్వ, "ముప్పై ఆరేండ్ల సంది గీ రూలు ఏడవాయె సార్?" అని కాగితం అందుకుని సంతకం పెట్టింది.

ఆవిడంత చక్కగా నిబంధనలు పాటించిన మనిషిని నేను ఉద్యోగ జీవితంలో చూడలేదు. ఓదెలు సాయంత్రం గడప దగ్గర నిలబడితే, "ఏ ఊరు? ఎన్ని దినాలుంటరు?" అని అడిగి రిజిస్టరులో రాసుకునేది. చెప్పులు బయట పెట్టించేది. పొద్దున పది కొట్టేసరికి చీపురు పట్టుకుని గది దగ్గర నిలబడేది. ఓదెలు వాకిట్లో కూర్చుని బీడీ వెలిగించుకుంటూ నాతో, "సార్, సుట్టం బతుకు మంచిగనే ఉంటదనుకున్న ఇన్నొద్దులు," అన్నాడు.

బసకు కూడా అభిప్రాయ ఫారం ఉంటుంది. ఖాళీగా వదలకూడదు. ఏం రాయాలో తోచక ఒకరోజు ఓదెలు 'పప్పుల ఉప్పు ఎక్కువైంది' అని రాయించాడు.

పద్నాలుగో నిబంధన ప్రకారం పర్యాటకుడి ఫిర్యాదును ఇరవై నాలుగు గంటల్లో పరిష్కరించాలి. లేకపోతే జిల్లా యంత్రాంగం మొత్తం సంజాయిషీ ఇచ్చుకోవాలి. మర్నాడు పదకొండింటికి ముగ్గురు అధికారులు జీపులో కొమురవ్వ ఇంటికి వచ్చారు. పప్పు రుచి చూశారు. ఒకరు ఎక్కువన్నారు, ఒకరు సరిపోయిందన్నారు, మూడో ఆయన ఇంకొంచెం వేయించుకున్నారు. హెచ్చరిక పత్రం ఇచ్చి వెళ్లారు.

ఓదెలు ఆ సాయంత్రం భయపడుతూ ఇల్లు చేరాడట. కొమురవ్వ తిట్టలేదు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. తర్వాత జరిగిన మాట ఓదెలే నాకు చెప్పాడు.

"నా పప్పుల ఉప్పెక్కువైతె తెల్లారేసరికి ముగ్గురు సార్లు ఉరికొచ్చిండ్రు," అంది కొమురవ్వ.

"ఏమో, ఫారం నింపుమంటె నింపిన."

"మన వాడకట్టు మోరీ కూలి ఎన్నేండ్లాయె?"

"నాలుగు."

"ఎన్ని దరఖాస్తులు వెట్టినం?"

"గవి ఎవలు యాద్‌వెట్టుకుంటరే."

"రేపటి ఫారంల మోరీ సంగతి రాయించు. ఊరోనిలెక్క రాయకు. టూరిస్టులెక్క రాయి."

ప్రసూన రాసిపెట్టింది. ఆ ఫారం నా చేతుల మీదుగానే వెళ్లింది. 'మెట్లబావి సందర్శించి వచ్చుచుండగా, మోరీ వాసన వలన నా చారిత్రక అనుభూతికి భంగము కలిగినది.' మర్నాడు పొద్దున ఏడింటికల్లా పదహారు మంది కూలీలు దిగారు. సాయంత్రానికి ఆ మురుగుకాలువ కొత్త సిమెంటుతో మెరిసిపోయింది. వాడకట్టు జనం మోరీ చుట్టూ నిలబడి, గుడికి వచ్చినట్టు చూశారు.

ఆపైన ఫారాలు ఆగలేదు. 'బర్రెలు బక్కచిక్కి యుండుటచే గ్రామీణ దృశ్యము రమణీయముగా లేదు' అని రాస్తే, ఏడాదిన్నరగా కనబడని పశువుల డాక్టరు మందుల పెట్టెతో వచ్చాడు. 'పాఠశాల ముందుగా పోవునపుడు ఎక్కములు వినిపించకపోవుట నిరాశ కలిగించినది' అని రాస్తే, మూడేళ్లుగా ఖాళీగా ఉన్న లెక్కల టీచరు పోస్టులో మర్నాడు మనిషి కూర్చుంది. ఆవిణ్ణి పిల్లలతో పదిహేడో ఎక్కం దాకా గట్టిగా చదివించమన్నారు, రోడ్డు మీదికి వినబడేలా.

ఈ సంగతి పాకడానికి వారం పట్టలేదు. ఒకరోజు పొద్దున మెట్లబావి దగ్గర ఓదెలుతో పాటు పదిహేను సైకిళ్లు నిలబడి ఉన్నాయి. కల్లు గీసే రాజలింగు ముందుకు వచ్చాడు.

"సార్, నేను కూడ గమ్యం లేకుంటనే తిరుగుత. ఎవల చెట్టు పారితె అటు. నన్ను రాసుకోండ్రి."

నిబంధన అతనికీ వర్తించింది. అందరికీ వర్తించింది. అటకల మీదున్న సైకిళ్లు దిగాయి. అక్షరదీక్ష రోజుల్లో ఊరూరా చదువు చెప్పడానికి సైకిల్ నేర్చుకుని ఆనక వదిలేసిన ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు దోపుకుని మళ్లీ ఎక్కారు. గుట్టల మీది దారి పొద్దున్నే గంటల మోతతో నిండిపోయేది. మొగుళ్లు పెళ్లాల ఇళ్లలో అతిథులు, పెళ్లాలు పక్కింటి ఆడవాళ్ల ఇళ్లలో అతిథులు. ఏ ఇంటి గడప మీద చూసినా రిజిస్టరే. నాలుగు నెలల్లో మూడు ఊళ్లలో ఊరివాడనేవాడు మిగల్లేదు. రెండు వేల మూడు వందల మందీ పర్యాటకులే. రోడ్లు పడ్డాయి. వీధి దీపాలు వెలిగాయి. వైకుంఠరావు గారిని రాజధానికి పిలిచి శాలువా కప్పారు. 'శూన్యము నుండి సంపూర్ణము వరకు' అన్న అంశం మీద గంటన్నర మాట్లాడి వచ్చారు.

అప్పుడే ఇంకెక్కడో ఒక కార్యాలయంలో ఇంకో గుమాస్తా ఇంకో నోటు ఫైలు రాశాడు. ఒకే వ్యక్తి ఒకే సమయంలో సందర్శకుడు, స్థానికుడు కాజాలడన్నది అతని వాదం. వాదంలో తప్పు లేదు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి, పర్యాటకుల పేర్లన్నీ స్థానికుల జాబితాలోంచి కొట్టేశారు.

ఒకటో తారీఖున ఓదెలు సంచి పట్టుకుని రేషన్ షాపుకు వెళ్లాడు. వేలిముద్ర వేశాడు. మిషను 'సందర్శకుడు' అంది. కొమురవ్వ వేసింది. 'హోటలు నిర్వాహకురాలు' అంది. వెనక వరుసలో ఉన్నవాళ్లందరిదీ అదే. షాపు పది నిమిషాల్లో మూసేశారు, ఊళ్లో తినేవాళ్లెవరూ లేరు కాబట్టి. పోస్టాఫీసులో వృద్ధాప్య పింఛను పోయింది. బడిలో పిల్లల మధ్యాహ్న భోజనం ఆగింది. పిల్లలు కూడా పథం మీద సైకిళ్లు తొక్కారు.

ఓదెలు ఫారం నింపాడు. 'బియ్యం ఇస్తలేరు.' ఇరవై నాలుగు గంటల్లో జవాబు వచ్చింది: 'పర్యాటకులు గుర్తింపు పొందిన గృహ ఆతిథ్య కేంద్రములందు భుజింపవచ్చును.'

మూడో రోజు మా కార్యాలయం ముందు జనం నిండిపోయారు. అరుపులు లేవు. అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఓదెలు, కొమురవ్వ లోపలికి వచ్చారు. వెనకే ప్రసూన.

"సార్, నా పేరు కొట్టేయుండ్రి," అన్నాడు ఓదెలు. "నాకు టూరిస్టుతనం వద్దు."

"పర్యాటకత్వము వద్దనుకున్నంతనే తొలగునది కాదు," అన్నారు వైకుంఠరావు గారు. "పర్యాటకుడు స్వస్థలమునకు తిరిగి చేరినట్లు అచటి అధికారి ధ్రువపత్రము కావలెను."

"నా ఊరు మెట్లపేటనే గద."

"మెట్లపేట మీరు సందర్శించుచున్న స్థలము. స్వస్థలము వేరే ఉండవలెను."

"వేరే ఎక్కడ సార్?" అంది ప్రసూన. ఆ అమ్మాయి గొంతు ఆ రోజు వణకలేదు. "ఈయన తాత మేకల పేరు కూడ కోట కాగితాల్లో ఉన్నది. నేను వెతికి చూసిన. జుర్మానా నిజమే. ఇంకేం రుజువు కావాలె మీకు?"

"మేకల నివాసము నిరూపితమైనది. ఓదెలు గారిది కాదు," అన్నారు వైకుంఠరావు గారు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే బాధపడుతున్నారు. నేనాయన మొహం చూశాను.

కొమురవ్వ నా బల్ల దగ్గరికి వచ్చింది. "ఆరు దినాలకు సరిపోయే బియ్యమున్నయ్ సార్, ఇంట్ల. పక్కింట్ల గవి కూడ లేవు. నువ్వు రాసిన కాగితమేనట గద మొదలు?"

అవునన్నాను. నేను ఆ రోజు ఇంటికెళ్లి కూర కత్తిపీట మీద కాక చేత్తో తుంచి వండమన్నాను మా ఆవిడను. కత్తిపీట చూడబుద్ధి కాలేదు.

మమ్మల్ని కాపాడింది ఎన్నికలు. పంచాయతీ ఎన్నికల ఓటర్ల నమోదు ఆదివారం సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది. శనివారం పొద్దున ఆ ప్రాంతపు పెద్ద నాయకుడికి తన మూడు గట్టి ఊళ్లలో ఓటర్లు సున్నా అని తెలిసింది. వైకుంఠరావు గారి ఫోను మోగింది. నాయకుడు మాట్లాడిన భాష నేను ఫైల్లో పెట్టలేదు. ఫోను పెట్టాక వైకుంఠరావు గారు చెమట తుడుచుకుని, నిబంధనలు తెప్పించుకుని, ఒంటిగంట దాకా చదివి, పరిష్కారం కనిపెట్టారు. పర్యాటకులందరూ ఆదివారం పథం వెంట బయలుదేరి, సరిహద్దు రాయి దాటి, తిరిగి లోపలికి రావలెను. లోపలికి వచ్చునప్పుడు తహశీల్దారు వారిని స్వస్థలమునకు చేరినట్లు నమోదు చేయును.

ఆ ఆదివారాన్ని నేను మరిచిపోలేను. మూడు ఊళ్లు సైకిలెక్కాయి. ముందు ఓదెలు, వెనక క్యారియర్ మీద అన్నం గంపతో కొమురవ్వ. మోకులు భుజానే ఉంచుకుని రాజలింగు. సైకిల్ రానివాళ్లను వచ్చినవాళ్లు ఎక్కించుకున్నారు. గుట్ట ఎక్కేటప్పుడు దిగి తోసుకుంటూ, దిగేటప్పుడు పిల్లలు కేరింతలు కొడుతుంటే బ్రేకులు వదిలేస్తూ, రెండు మైళ్ల పొడుగున ఆ వరుస సీతాఫలం చెట్ల మధ్య మెలికలు తిరిగి పోయింది. మా విభాగం బోర్డుల మీద గీయించిన బొమ్మ కంటే బాగుంది.

సరిహద్దు రాయి దగ్గర పన్నెండు బల్లలు వేశాం. మధ్యాహ్నం ఒంటిగంటకు చివరి సైకిల్ కూడా రాయి దాటి, అవతలి గుట్ట వెనక్కి దిగిపోయింది. మేం రిజిస్టర్లు తెరిచి కూర్చున్నాం.

రెండైంది. మూడైంది. ఒక్కరూ తిరిగి రాలేదు.

మూడున్నరకు వైకుంఠరావు గారు, నేను గుట్ట ఎక్కి చూశాం. అవతలి వాలు మీద రెండు వేల మూడు వందల మంది చెట్ల కింద కూర్చుని, ఉన్న బియ్యమంతా కలిపి వండుకొచ్చిన పులిహోర పంచుకుని తింటున్నారు. ప్రసూన ఒక బండ మీద నిలబడి, అక్కణ్ణుంచి కనిపించే మూడు ఊళ్లనూ వేలితో చూపిస్తూ కథ చెబుతోంది. చాలామంది తమ ఊరిని అంత దూరం నుంచి, తీరిగ్గా కూర్చుని చూడటం అదే మొదటిసారి.

"పర్యాటక సోదర సోదరీమణులారా, సమయము మించిపోవుచున్నది, దయచేసి లోపలికి రండి!" అన్నారు వైకుంఠరావు గారు.

"ఎందుకు సార్?" అంది కొమురవ్వ కూర్చున్నచోటు నుంచే. "ఈడ మేం టూరిస్టులం. ఫారం రాస్తె తెల్లారి ఉరికొస్తరు. ఆ రాయి దాటినమా, మోరీ కూలినా నాలుగేండ్లు తిరగాలె. ఏడుంటె మంచిదో మీరే చెప్పుండ్రి."

"మీకు బియ్యము, పింఛను, ఓటు పునరుద్ధరింపబడును గదా!"

"అవి మావే గద సార్, మీరు తీసుకున్నవి," అన్నాడు ఓదెలు. నెమ్మదిగానే అన్నాడు. "అవి ఇయ్యుండ్రి. దానితోని ఇంకోటి కావాలె. టూరిస్టు అడిగితె ఒక్కదినంల చేస్తరు గద. ఊరోడు అడిగినా గంతే చెయ్యాలె. రాసియ్యుండ్రి."

"నిబంధన సవరించు అధికారము నాకు లేదు."

"మాకు తొందర లేదు," అంది కొమురవ్వ. "పులిహోర తినుండ్రి. ఉప్పు సరిపోయిందో సూడుండ్రి."

వైకుంఠరావు గారు గుట్ట మీద నిలబడి నాయకుడికి ఫోను చేశారు. ఈసారి కూడా నాయకుడి భాష నేను ఫైల్లో పెట్టలేదు. కానీ చివర్లో ఆయన అన్న మాట మాత్రం గుట్ట కింద ఉన్నవాళ్లకు కూడా వినబడింది: "వాళ్లు అడిగింది రాసిచ్చి సావు!"

నేను ఓదెలు సైకిల్ సీటునే బల్లగా చేసుకుని సవరణ రాశాను. పద్నాలుగో నిబంధనలో 'పర్యాటకుడు' అన్న చోట 'లేదా నివాసి' అని చేర్చడమే. రెండే మాటలు. వైకుంఠరావు గారు సంతకం చేశారు. ప్రసూన బండ మీద నిలబడి దాన్ని పైకి చదివింది. జనం చేతులు కడుక్కుని, గంపలు సర్దుకుని, తాపీగా సైకిళ్లెక్కారు.

పన్నెండు బల్లల మీద పేర్లు కురిశాయి. ఆరుకు ఐదు నిమిషాలుండగా నా బల్ల దగ్గరికి ఓదెలు వచ్చాడు, అందరినీ ముందు పంపి. ఫారంలో గడులన్నీ నింపాలి. అతన్ని పాతికేళ్లుగా ఎరిగినా అడిగాను.

"ఎక్కడి నుంచి వస్తున్నరు?"

"ఇంటి నుంచి."

"ఎక్కడికి?"

"ఇంటికే."

"వచ్చిన పని?"

ఓదెలు ఊరివైపు ఒకసారి చూశాడు. "ఉండుడు," అన్నాడు.

అలాగే రాశాను.

నెల తిరక్కుండా విభాగాన్ని ఎత్తివేశారు. వైకుంఠరావు గారిని పడవల విభాగానికి వేశారు. మా జిల్లాలో నది లేదు, అయినా ఆయన ఉత్సాహంగానే వెళ్లారు. ప్రసూనను మూడు ఊళ్ల బళ్లకు చరిత్ర చెప్పడానికి పెట్టుకున్నారు, జనమే అడిగి, ఒక్కరోజులో. నేను పాత రికార్డుల గదికి వచ్చేశాను. వచ్చే ముందు విభాగం రద్దు ఉత్తర్వు, దానితో పాటు రద్దవుతున్న నిబంధనల పట్టిక తయారుచేసే పని నాకే పడింది. శ్రద్ధగా చేశాను. ఆ పట్టికలో పదమూడు తర్వాత పదిహేను ఉంటుంది. మూడేళ్లయింది, ఇంతవరకూ ఎవరూ అడగలేదు.